రాని మిడతలకు కొట్టిన మందు

మిడతలు వస్తున్నాయన్న సంగతి మా ఊళ్లో అందరికంటే ముందు తెలిసింది నాకే. కానీ నేను చెబితే నమ్మే మనిషి ఊళ్లో లేడు. మూడు రోజుల తర్వాత టీవీ వాళ్లు చెబితే నమ్మారు.

కరోనా వచ్చిన ఏడు అది. మే నెల ఆఖరు. మా అక్క సైదమ్మ ఇంటి ముందు పందిరి కింద తుండుగుడ్డ పరుచుకొని పడుకుని ఉంటే, మేనకోడలు సుస్మిత ఫోను తెచ్చి నా ముక్కు మీద పెట్టినంత పని చేసింది.

“మామా, గిది చూడు జర.”

ఆకాశం నిండా వానకు ఈసుళ్లు లేచినట్టు ఏవో ఎగురుతున్నాయి. ఎక్కడో రాజస్థాన్ దిక్కు పల్లె. ఆడవాళ్లు చేలో నిలబడి పళ్లేలు కొడుతున్నారు.

“కరోనాకు కొట్టిన పళ్లేలే మళ్ల తీసిండ్రా? మంచిగున్నది. పళ్లెంల బువ్వ లేకున్నా సప్పుడైతే ఉన్నది,” అన్నాను.

“నవ్వులాట కాదు మామా. మిడతలు గవి. ఒక్క పూటల ఊరి పంటంత తింటయంట. మహారాష్ట్ర దాంక వచ్చినయ్.”

“గాడి దాంక వచ్చినంక ఈడికి రాకుంటయా? బస్సులు బందున్నయని ఆగుతయా?”

గొర్ల దొడ్డికి ముళ్లకంప సరిచేస్తున్న మా బావ మల్లప్ప కిసుక్కున నవ్వాడు. నా మాటకు ముందు నవ్వేది ఎప్పుడూ ఆయనే. నేను ఏం చేసినా నవ్వేవాడు. ఒకసారి ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుంటే పొట్టేలు మెడలోని గంట విప్పి ఆయన కాలికి కట్టాను. లేచి నడుస్తూ, పొట్టేలు వెనకే వస్తున్నదనుకొని “హోయ్, హోయ్” అంటూ వాగు దాకా పోయాడు. వెనక్కి తిరిగి చూస్తే పొట్టేలూ లేదు, గొర్రే లేదు. ఆ సంగతి పెళ్లిళ్లలో ఆయనే చెప్పి నవ్వేవాడు.

మేము గొర్లు కాసే కురుమలం. మా నాయిన పోయినప్పుడు నా వాటాకు కూడా గొర్లు వచ్చాయి. ఏడాది తిరక్కుండా అమ్మేసి తైవాన్ పంపు కొన్నాను. వీపుకు తగిలించుకొని మోటారు మీద మందు కొట్టే పంపు. గొర్ల వెంట నడిచే ఓపిక నాకు లేదు. నాలుగో తరగతి దాకా కూడా కూర్చోలేనివాణ్ణి, మందను కాస్తూ కొండల్లో ఒక్కణ్ణే ఎట్లా ఉంటాను? మందు కొట్టేవాడికి చుట్టూ మనుషులుంటారు, మాటలుంటాయి. ఎవరి చేలో పురుగు పడ్డా నా ఇంటికే వచ్చేవాళ్లు.

బావ సంగతి వేరు. ఆ ఇంటికి భూమి ఒక్క ఎకరం. మిగతా ఆస్తంతా నాలుగు కాళ్ల మీద నడిచేదే. అరవై రెండు గొర్లు, పైన పాలు తాగే పిల్లలు. వాటి మీదనే అక్క ఇల్లు కప్పించింది. వాటి మీదనే సుస్మిత పాలమూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నది. కాలేజీ మూసేస్తే వచ్చి, ఆ ఫోను పట్టుకొని పందిరి కింద కూర్చుంది.

*

మిరుగం కార్తె వాన బాగానే కురిసింది. జూన్ నడిమికి పత్తి మొలకెత్తింది. రెండేసి ఆకులు, చేతులు జోడించినట్టు. అప్పుడే బీడు మీద కూడా పచ్చ పడ్డది. ఎండాకాలమంతా ఎండు వరిగడ్డి నమిలి నమిలి బొక్కలు తేలిన గొర్లు ఆ లేత గడ్డిని చూసి తల ఎత్తేవి కావు. బావ మొఖంలో కూడా పచ్చ పడ్డది.

సరిగ్గా అప్పుడే బీడులో జిల్లేడు పొదల మీద మిడతలు కనిపించాయి. వేలెడంత ఉంటాయి. పసుపు ఒంటి మీద నీలం చారలు. పెయింటరు కూర్చొని రాసినట్టుంటాయి.

పన్నెండెకరాల పత్తి పెట్టిన రామచంద్రం మొదట చూశాడు. చూడగానే మైసమ్మ గుడి దగ్గరి దాకా మోటారు సైకిల్ మీద అరుచుకుంటూ వచ్చాడు.

“వచ్చినయ్! వచ్చినయ్ రా అయ్యా! బీడంత గవే!”

సాయంత్రానికి పంచాయతీ ఆఫీసు ముందు నలభై మంది చేరారు. అందరి మాస్కులూ గడ్డాల కింద ఉన్నాయి. దూరం దూరం కూర్చోండని సున్నంతో గీసిన గుండ్రాల్లో ముగ్గురు ముగ్గురు కూర్చున్నారు. రామచంద్రం నిలబడి ఉన్నాడు.

“ఇయ్యాల జిల్లేడు మీద ఉన్నయ్. రేపు మన పత్తి మీద ఉంటయ్. బీడు చుట్టంత మందు కొట్టాలె. ఊరి హద్దు పొడుగునా. మందు నేను తెప్పిస్త.”

“డప్పులు కొడ్తే పోతయంట గదా, టీవీల చెప్పిండ్రు,” అని ఎవరో అన్నారు.

“పొగ పెట్టినా పోతయంట,” అన్నారు ఇంకెవరో.

“పోయి ఏడికి పోతయ్? పక్కోని చేన్లకు. ఆడు డప్పు కొడ్తే మళ్ల మన చేన్లకు. రాత్రి పగలు డప్పు కొట్టుకుంట కూసుంటమా? చంపాలె.”

ముసలి నర్సింగమ్మ మూలన కూర్చొని ఉంది. ఆమె చేయి ఊపింది. “నా చిన్నప్పటి సంది జిల్లేడు మీద గా పురుగులుంటనే ఉన్నయ్ బిడ్డా. జిల్లేడే తింటయ్, జిల్లేడు మీదనే సస్తయ్.”

“నీ చిన్నప్పుడు పత్తి యాడిదవ్వా?” అన్నాడు రామచంద్రం.

అప్పుడు సుస్మిత లేచింది. ఆడపిల్ల పంచాయతీలో లేచి మాట్లాడటం మా ఊళ్లో అలవాటు లేదు. అందరూ మెడలు తిప్పారు. ఆ పిల్ల గుప్పెట తెరిచింది. అరచేతిలో ఒక మిడత, దాని వెనక కాళ్లు వేళ్లతో పట్టుకొని ఉంది.

“వ్యవసాయం ఆఫీసు నవనీత మేడంకు ఫోటో పంపిన. మేడం ఫోన్ చేసింది. ఇది జిల్లేడు మిడతనంట. పత్తి తినదంట. టీవీల చూపిచ్చిన మిడతలు వేరే రంగు, మందలు మందలు ఎగురుకుంట వస్తయ్. వస్తే మేమే చెప్తం, గప్పటిదాంక మందు ముట్టద్దన్నది. కొడితే గొర్లకు, వాగు నీళ్లకు కష్టమంటున్నది.”

“మేడం ఆఫీసుల కూసొని ఫోన్ల చూసి చెప్తది,” అన్నాడు రామచంద్రం. “రేపు మొలక పోతే మేడం వచ్చి ఇత్తనాలు పెడ్తదా?”

“మేడం ఎల్లుండి వస్తనన్నది. రెండు రోజులు ఆగున్రి అంటున్న, గంతే.”

బావ కూడా నెమ్మదిగా లేచాడు. ఆయన పంచాయతీలో మాట్లాడగా నేను చూడటం అదే మొదలు.

“గొర్లు ఇప్పుడిప్పుడే కడుపు నిండ తింటున్నయ్. బీడంత మందు కొడితే మందను యాడికి తోలాలె? రెండు దినాలే గదా, ఆగితే ఏం పోతది.”

జనం నెమ్మదించారు. ఇద్దరు ముగ్గురు “ఆగుదాం తీ” అన్నారు. అది నాకు బాగా గుర్తుంది. ఆగుదాం అనే దాకా వచ్చింది ఊరు.

ఆ మిడత జిల్లేడు మిడతేనని నాకు తెలుసు. చిన్నప్పుడు దాని కాలికి దారం కట్టి ఎగరేసినవాణ్ణి. దాన్ని ఒత్తితే చిమ్మే నీళ్లు సారు కుర్చీ మీద పోసి దెబ్బలు తిన్నవాణ్ణి. కానీ మార్చి నుంచి పంపు మూలన పడి ఉంది. చేతిలో పని లేదు. అన్నిటికంటే, అంత మంది జనం చాలా రోజుల తర్వాత ఒక్క చోట కూర్చున్నారు. అంతమందిని చూసి నా నోరు ఊరుకోలేదు.

“ఏం కోడలా,” అన్నాను. “ఆధార్ కార్డు అడిగినవా దాన్ని? ఏ రాష్ట్రమో ఎనక రాసి ఉంటది సూడు.”

ఊరంతా ఒక్కసారి గొల్లుమన్నది. సున్నం గుండ్రాల్లో ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. “రేషన్ కార్డు కూడా అడుగు,” అన్నాడొకడు. మళ్లీ నవ్వు. మా బావ కూడా నవ్వాడు. నోటికి తువ్వాల అడ్డం పెట్టుకొని, భుజాలు ఊగేటట్టు నవ్వాడు. నవ్వనిది సుస్మిత ఒక్కతే. చేయి కిందికి దించింది. మిడత ఎగిరి ఎవరి నెత్తి మీదనో వాలింది. దానికి ఇంకో నవ్వు.

ఆ నవ్వులోనే రామచంద్రం అన్నాడు. “సరే. పొద్దుగాల మొదలుపెట్టు బీరన్నా.”

ఎవరూ కాదనలేదు. అందరూ ఇంకా నవ్వుతున్నారు.

*

రెండు రోజులు కొట్టాను. మూతికి బట్ట కట్టుకొని, బీడు చుట్టూ, బండ్లబాట పొడుగునా, జిల్లేడు పొద కనిపిస్తే పొద, దాని కింద గడ్డి, దాని పక్కన గడ్డి. ఆ మందు వాసన తిన్న బువ్వలో కూడా వచ్చేది.

మా దిక్కు మందు కొట్టిన చోట ఒక గుర్తు పెడతారు. గట్టు మీద కట్టె పాతి, దాని మీద ఖాళీ మందు డబ్బా బోర్లిస్తారు. గొర్లు కాసేవాడు అల్లంత దూరం నుంచి చూసి మందను మళ్లించుకుంటాడు. డబ్బా లేని చోట మేపుకుంటాడు. చదువు రానివాడు కూడా చదివే గుర్తు అది. ఎవరూ నోటితో చెప్పుకోరు. ఊళ్లో ఆ డబ్బాలు బోర్లించేది ఎప్పుడూ నేనే.

మొదటి రోజు బావ నా వెనకే కొంత దూరం వచ్చాడు.

“బామ్మర్దీ, ఇగ నేను యాడ మేపాలెరా?”

“డబ్బా లేని కాడ మేపు బావా. గదొక్కటి యాది పెట్టుకో.”

“గట్లనే. నీ డబ్బాలు సూస్కుంట పోత.”

నిజంగానే అట్లా పోయాడు. ఆ రెండు రోజులూ డబ్బా నుంచి డబ్బాకు లెక్క చూసుకుంటూ, మందను ఇరుకు గట్ల మీద ఒక వరసలో నడిపించాడు. అరవై రెండింట్లో ఒక్కటి కూడా తల పక్కకు పెట్టకుండా చూశాడు.

రెండో రోజు పొద్దుగూకే వేళకు, వస్తానన్న మేడం రాకముందే, పని అయిపోయింది. పంపు దించుతుంటే రామచంద్రం వచ్చాడు.

“వాగుగట్టు యిడిసిపెట్టినవేంది? నా చేను అంచుకే ఉన్నది. గాడ జిల్లేడు లేదా?”

మందు ఇంకా రెండు ట్యాంకులకు ఉంది. పోయి వాగుగట్టు పొడుగునా కొట్టాను. ఊరంతట్లో గడ్డి బాగా లేచింది అక్కడే. మోకాలికి అందేంత గడ్డి. మబ్బు పట్టింది. నడుము పట్టేసింది. నాలుగు డబ్బాలు మిగిలాయి. కట్టెలు కొట్టి పాతాలి. కొడవలి తెచ్చుకోలేదు. తెల్లారి వచ్చి పాతుదాములే అనుకొని, డబ్బాలు తాడుకు గుచ్చి భుజాన వేసుకొని ఇంటికి బయలుదేరాను.

దారిలో అక్క వాళ్ల దొడ్డి. బావ ఇంట్లో బువ్వ తింటున్నట్టున్నాడు, బయట ఎవరూ లేరు. గొర్లు నెమరు వేస్తున్నాయి. దొడ్డి తడిక మీద చూపు పడగానే నాకు ఆలోచన వచ్చింది. అట్లాంటివి నాకు ఆలోచించకుండానే వస్తాయి. నాలుగు డబ్బాలు పండక్కి మామిడాకులు కట్టినట్టు తడిక పొడుగునా వేలాడదీశాను. బొగ్గు ముక్కతో గోడ మీద నా రాతలో రాశాను. ‘ఈ ఇంటికి మందు కొట్టబడినది. మేయరాదు.’

పొద్దున్నే వచ్చి బావ తిట్లు తిని, నవ్వి, అవే డబ్బాలు తీసుకుపోయి వాగుగట్టున పాతుదామనుకున్నాను. ఇంటికి పోయి మా ఆవిడ కౌసల్యకు చెప్పుకొని నవ్వాను కూడా.

“యాళ్లకు పోయి డబ్బాలు పాతు,” అన్నది కౌసల్య. “నవ్వుడు తర్వాత.”

*

తెల్లారి తల లేవలేదు. రెండు రోజులు పీల్చిన మందు తలకెక్కింది. కళ్లు మండుతున్నాయి. కౌసల్య రెండుసార్లు లేపిందట. నేను లేచేసరికి ఎండ గడప దాటింది.

అక్క ఇంటికి పోయేసరికి ఆమె వాకిలి ఊడుస్తున్నది. నాలుగు డబ్బాలూ ఒక మూలన కుప్పగా ఉన్నాయి. నన్ను చూడగానే చీపురు ఎత్తి, కొట్టినట్టు చేసి, నవ్వింది.

“నీ జిమ్మడ! మీ బావ పొద్దుగాల ఎంత నవ్విండో ఎరికేనా? ఈ కరోనా వచ్చిన సంది గంతగనం నవ్వలే. ‘మీ తమ్ముడు మనింటికే మందు కొట్టిండు, ఇగ మనకు మేతెక్కడిది’ అన్కుంట మందను తోలుకపోయిండు.”

“ఏ దిక్కు పోయిండక్కా?”

“ఏ దిక్కేందిరా. నీ డబ్బాలు లేని దిక్కు. వాగు దిక్కు.”

నేను పరుగెత్తాను. నాకు అప్పుడు నలభై మూడేళ్లు. అట్లా ఎప్పుడూ పరుగెత్తలేదు. దారిలో ఎవరో “ఏందిరో బీరిగా, మిడతలు తరుముతున్నయా?” అన్నారు.

నేను పోయేసరికి అవి ఇంకా మేస్తున్నాయి. ముందు అదే చూశాను. తలలు వంచి, ఆత్రంగా, పరపర శబ్దం చేస్తూ. బావ కట్టె మీద గడ్డం ఆనించి నిలబడి, వాటిని చూసి మురుస్తున్నాడు.

“రా బామ్మర్దీ,” అన్నాడు. “సూడు ఎట్ల తింటున్నయో. గింత మంచి జాగా యిడిసిపెట్టినవు, నీ కడుపు సల్లగుండ.”

ఆయన కట్టె లాక్కొని మందను అదిలించాను. బావ ఇదింకో ఆట అనుకున్నాడు. “ఏయ్, ఏం జేస్తున్నవ్ రా” అని నవ్వుతూ వచ్చాడు. అప్పుడే ముందున్న ఒక గొర్రె ముందు కాళ్లు వంచి కూర్చుంది. మళ్లీ లేచింది. నోటి నుంచి సొంగ తాడులా సాగుతున్నది. దాని ఒళ్లంతా చలికి వణికినట్టు వణికింది. దాని పక్కది పడిపోయింది. తర్వాత ఎక్కడ చూడాలో తెలియలేదు.

బావ ఒక్క మాట అడిగాడు.

“కొట్టినవా ఈడ?”

తల ఊపాను.

ఆయన పడిపోతున్న వాటి దగ్గరికి పోయాడు.

కబురు అంది సుస్మిత, విరుగుడుకని చింతపండు పులుసు బిందెతో పరుగెత్తుకొచ్చింది. ఒక్కొక్క దాని నోరు తెరిచి పోశాం. పోసింది పోసినట్టే బయటికి వచ్చింది. పశువుల దవాఖానకు ఫోను చేసింది. డాక్టరు కోస్గి నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. తన దగ్గరున్న సూదులన్నీ వేశాడు. అవి అయిపోయాక సంచీ తలకిందులు చేసి చూపించి, పక్కకు పోయి నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పందొమ్మిది నిలబడి ఉన్నాయి. మిగతావి నలభై మూడు వాగుగట్టు పొడుగునా పడి ఉన్నాయి. కడుపులు ఇంకా చల్లారలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి.

ఒక ఆటో వచ్చి ఆగింది. మాంసం కోత దుకాణం మనిషి. వాళ్లకు ఎవరు చెబుతారో తెలియదు.

“ఇంకా వెచ్చగనే ఉన్నయ్ పెద్దయ్యా. తీస్కపోత. ఎంతో గింత.”

“మందు తిన్నయ్,” అన్నాడు బావ.

“గది నేను చూస్కుంట.”

“తిన్నోళ్లు సస్తరు,” అన్నాడు బావ. “పో.”

జేసీబీ తెచ్చి గుంత తీశారు. ఒక్కొక్కటే దించుతుంటే బావ దేని పేరు దానికి గొణుక్కున్నాడు. గొర్లకు పేర్లుంటాయి. కాసేవాడికి తప్ప ఎవరికీ తెలియవు.

సాయంత్రం ఇంటికి వస్తే దొడ్డిలో పిల్లలు అరుస్తున్నాయి. ఇంకా గడ్డి పట్టనివి. పెద్ద గంపల కింద మూసిపెట్టినవి. రోజూ ఆ వేళకు మంద వస్తుంది, తల్లి దేని పిల్లను అది వెతుక్కుంటుంది. ఆ రోజు పందొమ్మిదే వచ్చాయి. అక్క గంపలు ఎత్తింది. పిల్లలు వరసగా వాటి పొదుగుల మీద పడ్డాయి. తమవి కాని వాటిని తల్లులు తన్ని తోశాయి. తన్నులు తిన్నవి తడిక దగ్గరికి పోయి, బయటికి చూస్తూ నిలబడ్డాయి.

*

మూడో రోజు పంచనామా రాశారు. గొర్లు కాసేవాడి తప్పు లేదని తేలితే సర్కారు నుంచి ఏమన్నా వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆయనే పట్టుబట్టి కాగితం తెచ్చాడు. పంచాయతీ ఆఫీసులో పెద్దమనుషులు కూర్చున్నారు. బావ నేల మీద కూర్చున్నాడు. నేను స్తంభానికి ఆనుకొని నిలబడ్డాను. ఊరు మళ్లీ వచ్చింది. ఈసారి గుండ్రాల్లో ఎవరూ కూర్చోలేదు.

“మందు కొట్టిన దగ్గర గుర్తులు ఉన్నాయా?” అని డాక్టరు అడిగాడు.

“ఎందుకు లేవు సారూ,” అన్నాడు రామచంద్రం. “ఊరంత చూసింది. బీడు చుట్టూ డబ్బాలే. మా బీరన్ననే పెట్టిండు.”

“వాగు దగ్గర?”

రామచంద్రం నా దిక్కు తిరిగాడు. అందరూ తిరిగారు. లేదని చెబితే కేసు నా మీదికి వస్తుంది. రామచంద్రం మీదికి కూడా వస్తుంది, ఆయన నన్ను వదలడు. పంపు పోతుంది. జైలంటారు. ఇవన్నీ అప్పుడు లెక్కపెట్టుకున్నానని చెప్పలేను. అడిగారు, నోరు తెరిచాను.

“పెట్టిన,” అన్నాను.

నలభై మూడేళ్లలో ఊరు నన్ను నమ్మింది ఆ ఒక్క మాటకే.

“ఎక్కడ పెట్టినవు మామా?” సుస్మిత గుంపులోంచి ముందుకు వచ్చింది. “వాగుకాడ ఎక్కడ పెట్టినవో రా, చూపియ్. నాలుగు డబ్బాలు మా ఇంటికి కట్టినవు. గవేనా? గోడ మీద నువ్వు రాసింది ఇంకా ఉన్నది. సారూ, మీరు వచ్చి చూడున్రి.”

డాక్టరు కలం ఆపాడు. బావ దిక్కు చూశాడు. “ఏం పెద్దాయనా? గుర్తులు ఉన్నాయా, లేవా? నువ్వు చెప్పు.”

బావ నన్ను చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. పొట్టేలు వెనక రావడం లేదని తెలిసిన రోజు చూసినట్టు, ఏం జరిగిందో ఇంకా అర్థం కానట్టు చూశాడు. తర్వాత, గోడ దగ్గర కొంగు నోట్లో కుక్కుకొని నిలబడ్డ మా అక్క దిక్కు చూశాడు. ఆమెకు పుట్టింటి దిక్కున నేనొక్కణ్ణే మిగిలాను.

“ఊకో బిడ్డా,” అన్నాడు సుస్మితతో. డాక్టరుతో అన్నాడు. “నేనే చూసుకోలే సారూ.”

వేలు ముద్ర వేశాడు. డాక్టరు ఆ కాగితం మీద, గుర్తులు ఉన్నా మేపినట్టు రాసుకొని పోయాడు. సర్కారు నుంచి ఏమీ రాలేదు.

ఇంటికి వచ్చాక కౌసల్య నా ముందు కంచం పెట్టింది. “తిను,” అన్నది. ఆ రోజు నుంచి నేను ఏదన్నా నవ్వుకోవడానికి చెబితే లేచి లోపలికి పోతుంది.

*

మిడతలు రాలేదు. గాలి మళ్లింది, ఉత్తరం దిక్కు పోయాయి అని జూలైలో టీవీ వాళ్లు చెప్పారు. మా జిల్లా ఆకాశంలో ఒక్కటి కూడా ఎగరలేదు. రెండు వానలు పడేసరికి జిల్లేడు మళ్లీ చిగురించింది. పసుపు ఒంటి మీద నీలం చారల మిడతలు మళ్లీ వచ్చి కూర్చున్నాయి. పత్తి దిక్కు వాటిలో ఒక్కటీ చూడలేదు. రామచంద్రం పత్తి ఆ ఏడు బాగా పెరిగింది.

తల్లులు లేని పిల్లలకు సుస్మిత సీసాతో ఆవుపాలు పట్టింది. సగం విరేచనాలు పట్టి పోయాయి. మిగిలిన వాటిని, ఆ పందొమ్మిదిని కలిపి, నారాయణపేట దిక్కు నుంచి వచ్చిన ఒక మందవాడు కొని తోలుకుపోయాడు. ఇంత చిన్న మంద వెంట ఒక మనిషి రోజంతా తిరిగితే గిట్టుబాటు కాదు. బావ ఊరి చివర దాకా వాటి వెంట పోయి, కట్టె కూడా అతనికే ఇచ్చి వచ్చాడు.

కాలేజీ చదువు ఫోనులో మొదలైంది. సుస్మిత ఫోను అప్పటికే అమ్మేసింది. కలుపు తీసే ఆడవాళ్ల గుంపులో కలిసింది. మొదట వేళ్లు బొబ్బలెక్కాయి, తర్వాత ఎక్కలేదు. అక్క నాతో మాట్లాడుతుంది. బువ్వ తిన్నవా అంటుంది, బాగున్నవా అంటుంది. తమ్మీ అని మాత్రం అనదు.

పత్తి పూతకు వచ్చే వేళకు నిజం పురుగు పడ్డది. రామచంద్రం ఇంకో తైవాన్ పంపు కొన్నాడు. ఒక్క మనిషికి అందేటట్టు లేదు, ఇంకొకణ్ణి చూడమన్నాడు. చూడాల్సిన పని లేకపోయింది. తెల్లారి బావ మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆ పంచనామా తర్వాత నాతో మాట్లాడటం అదే మొదలు.

“గా పంపు ఎట్ల నడుస్తదో చెప్పు,” అన్నాడు.

“బావా, నీకెందుకే గది...”

“చెప్పు.”

చెప్పాను. ఒక్క రోజులో నేర్చుకున్నాడు. ఇప్పటికీ చేన్లో నా పక్క సాలులోనే నడుస్తాడు. మంద వెనక నడిచినట్టే నడుస్తాడు. తొందర లేకుండా, ఒక్క మొక్కను కూడా వదలకుండా. ఆయన కొట్టిన చేలో పురుగు మిగలదని రామచంద్రం అందరికీ చెబుతున్నాడు. మోటారు చప్పుడులో నేను ఏవేవో మాటలు చెబుతాను, పాత అలవాటు. ఆయన “ఊ” అంటాడు.

నిన్న మధ్యాహ్నం ఇద్దరి ట్యాంకులూ ఒక్కసారే అయిపోయాయి. గట్టు మీద పంపులు దించాం. కూలోళ్లలో నీళ్లు మోసే పని సుస్మితది. బోరు దగ్గర నుంచి బిందె నెత్తిన పెట్టుకొని వచ్చింది. వాళ్ల నాయిన ట్యాంకులో పోసింది. మందు మూతతో కొలిచి కలిపింది. చేయి తగలకుండా పుల్లతో కలియబెట్టింది.

“నాయినా, మూతికి బట్ట కట్టుకో,” అన్నది.

ఆయన కట్టుకున్నాడు. ఆమె వెనక ముడి బిగించింది.

నేను నా ట్యాంకు మూత తీసి పట్టుకొని నిలబడ్డాను. ఆమె ఖాళీ బిందె చంకన పెట్టుకొని, సాళ్ల మధ్య నుంచి కలుపు గుంపు దిక్కు నడిచింది. బావ మోటారు తిప్పి, తన సాలు అందుకున్నాడు. ఇంకో బిందె తెస్తుందేమోనని కాసేపు చూశాను.

తర్వాత నేనే పోయి తెచ్చుకున్నాను.